కోచ్ పిలిచినా కటాఫ్ అడ్డం: అమెరికా కాలేజీ క్రీడల్లో పరీక్ష స్కోరు ఎప్పుడు చూపాలి?

మన దగ్గర మెరిట్ అనే మాట ఎప్‌సెట్ ర్యాంకుగానో నీట్ ర్యాంకుగానో మన ముందు నిలబడుతుంది. అమెరికాలో అదే మాట శాట్ స్కోరుగా నిలబడుతుంది. ఆ స్కోరు నల్లజాతి విద్యార్థులకు తరగతి గదుల దగ్గరే కాదు, ఆట మైదానాల దగ్గర కూడా అడ్డుపడింది. 1986లో మొదలైన ఆ కటాఫ్ మారుతూ, సడలుతూ కోవిడ్ దాకా నడిచింది. 2023 జనవరిలో కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ (జాతీయ కాలేజీ క్రీడా సంఘం) తన అర్హత నిబంధనల నుంచి శాట్, ఏసీటీ స్కోర్లను పూర్తిగా తీసేసింది.

అంతటితో స్కోరు ప్రశ్న పోలేదు. కొన్ని కాలేజీలు స్కోరు తప్పనిసరి అంటున్నాయి, కొన్ని అసలు చూడమంటున్నాయి, ఎక్కువ భాగం మీ ఇష్టం అంటున్నాయి. పంపాలా వద్దా, పంపితే ఎప్పుడు అనే నిర్ణయం ఇప్పుడు విద్యార్థి నెత్తిన పడింది. ఇంట్లో చదువుకున్నవాళ్లు, చేతిలో డబ్బు, పక్కన కౌన్సెలర్ ఉన్న పిల్లలకు ఇది చిన్న లెక్క. మొదటి తరం విద్యార్థికి మాత్రం దారి తెలియని అడవి. అందుకే ఈ వ్యాసంలో మేము మూడు పనులు చేస్తున్నాం: కటాఫ్ చరిత్ర చెబుతాం, నేటి నిబంధనలు విడమరుస్తాం, మన గురుకులాల, కాలేజీల క్రీడాకారులకు ఉపయోగపడే సంగతులు కలుపుతాం.

మూడు తలుపులు

అమెరికా కాలేజీలో చేరి ఆడాలనుకునే విద్యార్థి మూడు తలుపులు దాటాలి. మూడింటి దగ్గరా ఉండే కాపలావాళ్లు వేరు వేరు.

మొదటిది ఎన్‌సీఏఏ అర్హత. ఈ సంఘం కాలేజీల్ని మూడు డివిజన్లుగా చేసింది. డివిజన్ 1, డివిజన్ 2 కాలేజీలు క్రీడా స్కాలర్‌షిప్‌లు ఇవ్వవచ్చు. డివిజన్ 3 కాలేజీలు ఇవ్వవు. డివిజన్ 1లోనే ఉన్నా హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు కూడా ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వవు, కుటుంబ ఆదాయాన్ని బట్టి మాత్రమే సాయం చేస్తాయి.

రెండోది కోచ్. జట్టుకు ఎవరు కావాలో ఎంచుకునేది కోచ్. దీన్నే రిక్రూటింగ్ అంటారు.

మూడోది కాలేజీ అడ్మిషన్ల ఆఫీసు. సీటు ఇచ్చేది ఈ ఆఫీసే. కోచ్ సిఫారసు చేయగలడు, కొన్నిచోట్ల ఆ సిఫారసుకు చాలా బలం ఉంటుంది. కానీ సంతకం అతనిది కాదు. స్కోరు విషయంలో విద్యార్థులు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. "ఎన్‌సీఏఏకి స్కోరు అక్కర్లేదు" అన్న మాటను "కాలేజీకి అక్కర్లేదు" అని అర్థం చేసుకుంటారు. ఆ రెండూ ఒకటి కాదు.

కటాఫ్ ఎలా పుట్టింది

శాట్ పరీక్ష మొదటిసారి 1926లో జరిగింది. దాన్ని తయారుచేసిన కమిటీకి నాయకత్వం వహించిన ప్రిన్స్‌టన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ బ్రిగమ్, అంతకు మూడేళ్ల ముందు రాసిన పుస్తకంలో ఉత్తర ఐరోపా జాతి తెలివిలో పైమెట్టున ఉంటుందనీ, నల్లజాతి కింది మెట్టున ఉంటుందనీ వాదించాడు. 1930లో ఆ వాదనకు ఆధారం లేదని తనే ఒప్పుకున్నాడు. వాదన వెనక్కి వెళ్లింది గానీ పరీక్ష నిలబడింది.

క్రీడల్లోకి ఈ స్కోరు గట్టిగా వచ్చింది ప్రతిపాదన 48తో. 1983 జనవరిలో ఎన్‌సీఏఏ సమావేశం దీన్ని ఆమోదించింది, 1986 నుంచి అమల్లోకి వచ్చింది. డివిజన్ 1లో మొదటి ఏడాది ఆడాలంటే హైస్కూల్‌లో 11 ముఖ్య కోర్సుల్లో 2.0 జీపీఏతో పాటు, శాట్‌లో 700 లేదా ఏసీటీలో 15 రావాలన్నారు. ఒక్క షరతు తప్పినవాళ్లు స్కాలర్‌షిప్‌తో చేరవచ్చు గానీ ఏడాది పాటు ఆడకూడదు.

చారిత్రకంగా నల్లజాతివారి కోసం ఏర్పడిన కాలేజీల అధ్యక్షులు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. తమను అడగకుండా తమ పిల్లల భవిష్యత్తు మీద నిబంధన రాశారన్నది వాళ్ల ఫిర్యాదు. అమల్లోకి వచ్చాక ఆగిపోయినవారిలో ఎక్కువమంది నల్లజాతి విద్యార్థులే.

1989 జనవరిలో ఎన్‌సీఏఏ మరో మెట్టు ఎక్కింది. ప్రతిపాదన 42 ప్రకారం, షరతులు పూర్తిగా దాటని విద్యార్థికి స్కాలర్‌షిప్ కూడా ఉండదు. డబ్బున్నవాడు సొంత ఖర్చుతో చేరతాడు, లేనివాడు ఇంటికి పోతాడు. జనవరి 14న జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ థాంప్సన్ బోస్టన్ కాలేజీతో ఆట మొదలయ్యే ముందు కోర్టు విడిచి బయటికి నడిచాడు. ఆయన 1984లో డివిజన్ 1 బాస్కెట్‌బాల్ జాతీయ టైటిల్ గెలిచిన మొదటి నల్లజాతి ప్రధాన కోచ్. ఆ నడక దేశమంతా చర్చ రేపింది. మరుసటి ఏడాది ఎన్‌సీఏఏ కొంత వెనక్కి తగ్గి, ఆటతో సంబంధం లేని, ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయాన్ని అనుమతించింది.

అదే 1989 ఏప్రిల్‌లో జాతీయ ఫైనల్ జరిగింది. మిషిగన్ జట్టు సీటన్ హాల్‌ను 80-79తో ఓడించింది. మూడు సెకన్లు మిగిలి ఉండగా రెండు ఫ్రీ త్రోలు వేసి గెలిపించిన రుమీల్ రాబిన్సన్, ప్రతిపాదన 48 కింద మొదటి ఏడాది బెంచీ కూడా ఎక్కనివ్వని విద్యార్థి. అతని జట్టులోని టెర్రీ మిల్స్‌దీ అదే కథ. ప్రతిపాదన 42 మూడేళ్ల ముందే ఉండి ఉంటే వాళ్లకు ఆ స్కాలర్‌షిప్ దక్కేది కాదు.

నల్లజాతి మేధావుల్లోనే రెండు వాదనలు

ఈ చరిత్రను ఒకే గొంతుగా చెబితే తప్పవుతుంది. 1968 ఒలింపిక్స్ నిరసనకు వెనుక నిలబడిన సామాజిక శాస్త్రవేత్త హ్యారీ ఎడ్వర్డ్స్ ప్రతిపాదన 48ను సమర్థించాడు. టెన్నిస్ దిగ్గజం ఆర్థర్ యాష్ ప్రతిపాదన 42నూ సమర్థించాడు. కాలేజీలు నల్లజాతి కుర్రాళ్ల చేత నాలుగేళ్లు ఆడించుకుని, డిగ్రీ లేకుండా బయటికి పంపుతున్నాయన్నది వాళ్ల కోపం. చదువు మీద షరతు పెడితే స్కూళ్లు పిల్లలకు చదువు చెప్పక తప్పదని వాళ్ల ఆశ. కటాఫ్ వచ్చాక చేరిన నల్లజాతి క్రీడాకారుల్లో డిగ్రీ పూర్తిచేసిన వారి శాతం పెరిగిందని సమర్థకులు చూపించారు కూడా.

థాంప్సన్ పక్షం అడిగింది వేరు. స్కూలు చెడిపోతే శిక్ష స్కూలుకా, పిల్లవాడికా? లోపలికి వచ్చినవారి ఉత్తీర్ణత పెరిగింది సరే, బయటే ఆగిపోయినవారి లెక్క ఎవరు రాస్తారు? ఈ రెండు ప్రశ్నలూ మన రిజర్వేషన్ చర్చల్లో మనకు బాగా తెలిసినవే. ఎడ్వర్డ్స్ కోపం న్యాయమైందే. కానీ ఆ కోపానికి జవాబు మంచి బోధన, ట్యూటర్లు, డిగ్రీ పూర్తయ్యేదాకా స్కాలర్‌షిప్ హామీ. కటాఫ్ ఆ ఖర్చులేవీ పెట్టకుండా బాధ్యతను పిల్లల మీదికి తోసింది.

కోర్టుకెక్కిన కటాఫ్

1996 నాటికి ప్రతిపాదన 16 అమల్లోకి వచ్చింది. కోర్సులు 13కు పెరిగాయి. జీపీఏ ఎక్కువ ఉంటే స్కోరు కొంత తగ్గవచ్చన్నారు, కానీ అడుగు గీత మాత్రం ఉంచారు: జీపీఏ 2.5 కంటే ఎంత ఎక్కువున్నా శాట్‌లో 820 తప్పదు.

1997లో ఫిలడెల్ఫియాలోని ఒక ప్రభుత్వ హైస్కూల్‌కు చెందిన ఇద్దరు నల్లజాతి అథ్లెట్లు కోర్టుకు వెళ్లారు. ఇదే క్యూర్టన్ కేసు. వాళ్లిద్దరూ తమ స్కూల్లో మంచి ర్యాంకుల్లో ఉన్నవాళ్లే, ఒకరిది 305 మందిలో ఐదో ర్యాంకు. నాలుగేళ్ల చదువు ఒకవైపు, ఒక ఉదయపు పరీక్ష మరోవైపు. తూకం పరీక్ష వైపే మొగ్గింది. 1999 మార్చిలో ఫెడరల్ జడ్జి రొనాల్డ్ బక్‌వాల్టర్ ఈ కటాఫ్ నల్లజాతి విద్యార్థుల మీద అన్యాయమైన భారం వేస్తోందనీ, ఆ నిర్దిష్ట గీతకు ఎన్‌సీఏఏ సరైన ఆధారం చూపలేదనీ తీర్పిచ్చాడు.

అదే ఏడాది డిసెంబర్‌లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. కటాఫ్ న్యాయమని కాదు. 1964 పౌరహక్కుల చట్టంలోని ఆ భాగం ఫెడరల్ నిధులు తీసుకునే సంస్థలకు వర్తిస్తుంది, ఎన్‌సీఏఏ ఈ విషయంలో ఆ పరిధిలోకి రాదన్నది. ప్రైవేటు సంస్థ అనే గోడ వెనక వివక్ష ఎలా దాక్కుంటుందో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల కోసం పోరాడుతున్న మనకు వేరే చెప్పక్కర్లేదు.

అయినా పోరాటం వృథా పోలేదు. 2003లో వచ్చిన కొత్త పట్టికలో అడుగు గీత పోయింది. 3.55 జీపీఏ ఉంటే శాట్‌లో కనీస స్కోరైన 400 వచ్చినా చాలన్నారు. 2020 జూలైలో, జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాతి ఉద్యమ వేడిలో, బాస్కెట్‌బాల్ కోచ్‌ల జాతీయ సంఘం ఈ పరీక్షల్ని సంస్థాగత జాతి వివక్షతో ముడిపడినవిగా పేర్కొని తీసేయమంది. ఎన్‌సీఏఏ కమిటీ వేసింది, 2021లో ఆ కమిటీ అదే సిఫారసు చేసింది, 2023లో అది నిబంధన అయింది.

నేటి నిబంధన

ఇప్పుడు డివిజన్ 1లో ఆడాలంటే 16 ముఖ్య కోర్సులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. ఇంగ్లిష్ 4, గణితం 3, సైన్స్ 2, సోషల్ 2, మిగతావి ఇతర అనుమతించిన సబ్జెక్టులు. వీటిలో 10 కోర్సులు హైస్కూల్ చివరి ఏడాది మొదలయ్యేలోపే పూర్తి కావాలి. డివిజన్ 2కు జీపీఏ 2.2. డివిజన్ 3లో ఎన్‌సీఏఏ ఉమ్మడి గీత లేదు, ఏ కాలేజీ నిబంధన దానిదే.

మరి స్కోరు ఎప్పుడు పంపాలి?

ఒకటి, తప్పనిసరి అన్నచోట. ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ 2024లో పరీక్షను తిరిగి తెస్తున్నట్టు ప్రకటించాయి. ఫ్లోరిడా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు మొదటినుంచీ అడుగుతూనే ఉన్నాయి. ఇలాంటి చోట కోచ్ ఎంత ఇష్టపడ్డా స్కోరు లేకుండా ఫైలు కదలదు. ఏటా నిబంధనలు మారుతున్నాయి కాబట్టి దరఖాస్తు చేసే ఏడాదికి ఆ కాలేజీ ఏమంటోందో స్వయంగా చూసుకోవాలి.

రెండు, చూడం అన్నచోట పంపక్కర్లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంపై నల్లజాతి, లాటినో, వికలాంగ విద్యార్థుల తరఫున కేసు పడింది. 2021 రాజీ ఒప్పందంతో అక్కడ ప్రవేశాల్లో శాట్, ఏసీటీ పూర్తిగా పోయాయి. కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం 2022 మార్చిలో అదే బాట పట్టింది. అంతకు రెండు నెలల ముందు వివక్ష నిషేధ విధానంలో కులాన్ని చేర్చింది కూడా ఈ విశ్వవిద్యాలయమే. ఆ రెండు నిర్ణయాలూ మన పిల్లలకు గుర్తుండాలి.

మూడు, మీ ఇష్టం అన్నచోట ఆలోచించి పంపాలి. ప్రతి కాలేజీ తాను చేర్చుకున్నవారి స్కోర్లలో మధ్య సగం ఏ రెండు అంకెల మధ్య ఉందో ప్రకటిస్తుంది. మీ స్కోరు ఆ రెండంకెల నడిమికి దగ్గరగా గానీ పైన గానీ ఉంటే పంపడం మంచిది. కింది అంకెకు బాగా తక్కువుంటే పంపకపోవడమే మేలు. అయితే ఒక సంగతి గమనించాలి: ఇష్టమున్నవాళ్లే పంపుతున్నారు కాబట్టి, బాగా వచ్చినవాళ్లే పంపుతారు. ప్రకటించిన అంకెలు అందుకే అసలు కంటే ఎత్తుగా కనిపిస్తాయి. ఆ అంకెల్ని చూసి భయపడి ఆగిపోయేది ఎక్కువగా పేద పిల్లలే. డార్ట్‌మత్ తన దరఖాస్తుల్ని పరిశీలించినప్పుడు బయటపడింది ఇదే. 1400 దరిదాపుల్లో స్కోరున్న వెనకబడిన నేపథ్యపు విద్యార్థులు, పంపితే తమకు మేలు చేసే స్కోరును దాచుకున్నారు. వనరుల్లేని స్కూలు నుంచి వచ్చిన 1400ను ఆ ఆఫీసు ధనిక స్కూలు నుంచి వచ్చిన 1400తో సమానంగా చూడదు. కాబట్టి మీ స్కూల్లో మిగతావారి కంటే మీ స్కోరు చాలా పైన ఉంటే, కాలేజీ సగటు కన్నా తక్కువైనా పంపే విషయం ఆలోచించండి.

నాలుగు, కోచ్ అడిగినప్పుడు. ఐవీ లీగ్‌లో, పేరున్న డివిజన్ 3 కాలేజీల్లో ముందస్తు పరిశీలన అనే పద్ధతి ఉంది. హైస్కూల్ చివరి ఏడాదికి ముందు వేసవిలో, సాధారణంగా జూలై 1 నుంచి, కోచ్ విద్యార్థి మార్కుల్నీ స్కోరునూ అడ్మిషన్ల ఆఫీసుకు చూపించి అవకాశం ఎంతో తెలుసుకుంటాడు. ఐవీ లీగ్‌లో జీపీఏనూ స్కోరునూ కలిపి లెక్కగట్టే అకడమిక్ ఇండెక్స్ అనే సూచీ కూడా ఉంది. జట్టు సగటు మిగతా విద్యార్థుల సగటుకు మరీ దూరం కాకూడదని దాని ఉద్దేశం. అందువల్ల ఇలాంటి కాలేజీలు మనసులో ఉన్నవాళ్లు 11వ తరగతి చలికాలంలో ఒకసారి, వసంతంలో మరోసారి పరీక్ష రాసి, జూన్ చివరికి స్కోరు చేతిలో పెట్టుకోవాలి. శరదృతువులో రాస్తే ఈ పరిశీలన దాటిపోతుంది.

ఐదు, డబ్బు స్కోరుతో ముడిపడినచోట. ఆట స్కాలర్‌షిప్ చాలామందికి పూర్తి ఖర్చుకు సరిపోదు. చదువు మీద ఇచ్చే స్కాలర్‌షిప్‌కు కొన్ని కాలేజీలు ప్రవేశానికి అడగని స్కోరును కూడా అడుగుతాయి. రెండూ విడివిడిగా అడిగి తెలుసుకోవాలి.

ఒక జాగ్రత్త. కోచ్‌కి ఒకసారి చెప్పిన స్కోరును వెనక్కి తీసుకోలేం. మొదటి ప్రయత్నంలో తక్కువ వస్తే, మళ్లీ రాస్తున్నానని చెప్పి ఆగవచ్చు. స్కోరు అడిగితే ఈ మూడు ప్రశ్నలు తిరిగి అడగండి: ఇది మీకా, అడ్మిషన్ల ఆఫీసుకా? ఏ తేదీలోపు కావాలి? పంపకపోతే నా అవకాశం ఎంత తగ్గుతుంది? ఇక కోచ్ నోటిమాట సీటు కాదు. కాలేజీ నుంచి రాతపూర్వకంగా వచ్చేదాకా మిగతా దరఖాస్తులు ఆపవద్దు.

ఆట కోటా ఎవరిది?

కాలేజీ క్రీడలంటే నల్లజాతి కుర్రాళ్ల బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ అనుకుంటాం. కానీ పడవ పందేలు, స్క్వాష్, ఫెన్సింగ్, సెయిలింగ్ కూడా కాలేజీ క్రీడలే. వాటిని నేర్చుకోవడానికి క్లబ్బులు, లక్షల ఖర్చు కావాలి. హార్వర్డ్ కేసులో బయటికొచ్చిన లెక్కల ప్రకారం, కోచ్‌లు ఎంచుకున్న క్రీడాకారుల్లో దాదాపు 86 శాతం మందికి సీటు దొరికింది. సీటు పొందిన తెల్లజాతి విద్యార్థుల్లో 43 శాతం పైగా క్రీడాకారులో, పూర్వ విద్యార్థుల పిల్లలో, అధ్యాపకుల పిల్లలో, దాతలతో సంబంధమున్నవారున్న ప్రత్యేక జాబితాలోనివారో. నల్లజాతి విద్యార్థుల్లో ఆ వాటా 16 శాతం లోపే. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు జాతి ఆధారిత ప్రాధాన్యాన్ని కొట్టేసింది. ఈ ప్రాధాన్యాలను మాత్రం తాకలేదు.

2019లో బయటపడిన వర్సిటీ బ్లూస్ కుంభకోణం మిగతాది చెప్పింది. ధనిక తల్లిదండ్రులు ఒకవైపు శాట్, ఏసీటీల్లో దొంగ స్కోర్లు కొన్నారు, మరోవైపు ఎప్పుడూ ఆడని పిల్లల్ని క్రీడాకారులుగా చూపించడానికి కోచ్‌లకు లంచాలిచ్చారు. పేదవాడిని ఆపడానికి వాడిన స్కోరు, డబ్బున్నవాడికి అంగట్లో సరుకైంది.

మన పిల్లలకు

తెలుగు రాష్ట్రాల గురుకులాల నుంచి వచ్చే అథ్లెట్లు ఈ దారి ఎంచుకుంటే కొన్ని పనులు ముందే మొదలుపెట్టాలి. 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రతి మార్కుల మెమో దాచాలి, ఎన్‌సీఏఏ అర్హత కేంద్రం వాటినే చూస్తుంది. ఇంటర్ అయ్యాక చేరడం ఆలస్యమైతే, ఆ మధ్యకాలంలో ఆడిన పోటీలు అర్హతను తగ్గించవచ్చు, కాబట్టి ఖాళీ ఏడాది తీసుకునే ముందు నిబంధన చదవాలి. ఎన్‌సీఏఏ శాట్ అడగకపోయినా ఇంగ్లిష్ పరీక్షను కాలేజీ అడగవచ్చు. ఫీజు మాఫీ ఉందేమో కాలేజీనే నేరుగా రాసి అడగండి. డబ్బు కడితే స్కాలర్‌షిప్ ఖాయం అనే ఏజెంటును నమ్మకండి: కోచ్‌కి ఆట వీడియో, పోటీల్లో టైమింగులు, మార్కులు కలిపి మెయిల్ రాయడానికి ఎవరికీ కమీషన్ ఇవ్వక్కర్లేదు.

కార్యకర్తలకు, పరిశోధకులకు ఈ చరిత్ర ఇచ్చే పనిముట్టు ఒకటుంది. కటాఫ్‌ను ఎదిరించినవాళ్లు మెరిట్ వద్దనలేదు. ఆ గీత అక్కడే ఎందుకు గీశారు, ఎవరు గీశారు, దానివల్ల ఎవరు ఆగిపోయారు అని లెక్క అడిగారు. కోర్టులో జవాబు దొరకనప్పుడు మైదానంలో అడిగారు. ఆ గీత పోవడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఇక్కడ ఏ నోటిఫికేషన్‌లో ఏ కనీస మార్కు కనిపించినా మనం వేయాల్సినవి ఆ మూడు ప్రశ్నలే.